మూడంగుళాలు లేపితే వరద దాటుతామా?

పికప్ వాహనాల ‘బాడీ లిఫ్ట్’లో ఉన్న లాభమెంత? ముప్పెంత?

అమలాపురం: కోనసీమలో పికప్ వ్యాన్ లేని ఊరు అరుదు. అంబాజీపేట మార్కెట్‌కు కొబ్బరి, రావులపాలెం మార్కెట్‌కు అరటి గెలలు, చెరువు గట్ల నుంచి చేపలు, రొయ్యలు చేరేది ఎక్కువగా ఈ బండ్ల మీదే. అప్పు చేసి కొన్న బండి ఒక్కరోజు ఆగినా ఆ ఇంటి ఆదాయం ఆగుతుంది. అందుకే గోదావరికి వరద వచ్చి కాజ్‌వేలు మునిగే రోజుల్లో, వానాకాలం పుంత దారులు గుంతలు పడినప్పుడు, బండిని కాస్త ఎత్తు చేయించుకుంటే బాగుంటుందన్న ఆలోచన యజమానికి కలగడం సహజం. సెల్‌ఫోన్‌లో వెతికితే అలాంటి వీడియోలకు కొదవ లేదు. నాలుగు దిమ్మెలు, కొన్ని పొడవాటి బోల్టులు, ఒక జాకీ ఉంటే ఇంటి పెరట్లోనే పని పూర్తవుతుందని అవి చెబుతాయి. పని నిజంగానే పెద్ద కష్టమేమీ కాదు. అయితే దాని వల్ల బండిలో పైకి లేచేది ఏది, లేవనిది ఏది అన్న విషయం తెలుసుకోకుండా చేయి పెడితే బండికే కాదు, ప్రాణానికీ ముప్పే.

అసలు బాడీ లిఫ్ట్ అంటే..

పికప్ వాహనాల్లో అధిక భాగం రెండు అంతస్తుల నిర్మాణం. కింద ఇనుప చట్రం (ఛాసిస్) ఉంటుంది. ఇంజన్, గేర్‌బాక్స్, ఇరుసులు, కమాను పట్టీలు, చక్రాలు దీనికే బిగించి ఉంటాయి. ఈ చట్రం మీద డ్రైవర్ కూర్చునే క్యాబిన్, సరుకు వేసే తొట్టి విడివిడిగా కూర్చుని ఉంటాయి. క్యాబిన్‌కు, చట్రానికి మధ్య రబ్బరు బుష్‌లు అమర్చి బోల్టులతో బిగిస్తారు. తొట్టిని యూ బోల్టులు, బ్రాకెట్లతో పట్టి ఉంచుతారు.

ఈ బోల్టులను విప్పి, చట్రానికి, బాడీకి మధ్య దిమ్మెలు పెట్టి, పొడవాటి బోల్టులతో తిరిగి బిగించడమే బాడీ లిఫ్ట్. సాధారణంగా ఒకటి నుంచి మూడు అంగుళాల వరకు ఎత్తు పెంచుతారు. ఈ పద్ధతి అమెరికాలో బాగా వ్యాప్తిలో ఉంది. అక్కడ పికప్‌ను సొంత కారులా వాడుకునేవారు ఎక్కువ. బురదలో, కొండల్లో నడిపేందుకు పెద్ద టైర్లు వేయాలంటే మడ్‌గార్డు లోపల చోటు చాలదు. ఆ చోటు కోసమే బాడీని పైకి లేపుతారు. అంటే ఇది పెద్ద టైరుకు చోటు చేసే పనే తప్ప, బండిని నేల నుంచి ఎత్తే పని కాదు. అక్కడ కూడా అనేక రాష్ట్రాల్లో ఎత్తు పెంపునకు చట్టపరమైన పరిమితులు ఉన్నాయి.

దీనికి భిన్నమైనది రెండో పద్ధతి. కమాను పట్టీలు అదనంగా వేయడం, ఇరుసుకు, పట్టీల కట్టకు మధ్య దిమ్మె పెట్టడం వంటివి ఈ కోవలోకి వస్తాయి. ఇందులో చట్రం, దానితోపాటు ఇంజన్ కూడా పైకి లేస్తాయి. మన ప్రాంతంలో ‘పట్టీలు వేయించడం’ అంటే ఇదే. ఎక్కువ బరువు మోసేందుకు చేయించే ఈ మార్పు వేరు, బాడీ లిఫ్ట్ వేరు. చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా భావించడంతోనే చిక్కు మొదలవుతోంది.

లేచేది తొట్టే.. ఇరుసు కాదు

బాడీ లిఫ్ట్ తరువాత బండిని దూరం నుంచి చూస్తే ఎత్తుగా, ఠీవిగా కనిపిస్తుంది. కింద వంగి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. వెనుక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉండే డిఫరెన్షియల్ నేలకు ఎంత దూరంలో ఉండేదో ఇప్పుడూ అంతే దూరంలో ఉంటుంది. ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్, గేర్‌బాక్స్, స్టార్టర్ మోటారు, బ్రేకు డ్రమ్ములు, చక్రాల బేరింగులు అన్నీ పాత ఎత్తులోనే ఉంటాయి. పుంత దారిలో రాయి తగిలేది తొట్టికి కాదు, ఈ భాగాలకే. వరద నీరు ముందుగా చేరేదీ వీటిలోకే.

చట్రానికి బిగించిన ముందు బంపరు కిందనే ఉండిపోయి, క్యాబిన్ పైకి పోవడంతో మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడతాయి. ఇరుకైన కాలువ గట్టు రోడ్ల మీద రాత్రివేళ ఇది చిన్న విషయం కాదు. తొట్టి అంచు ఎత్తు పెరగడంతో బస్తా ఎక్కించే కూలీ ప్రతిసారీ మూడంగుళాలు అదనంగా ఎత్తాలి. రోజుకు వందల గెలలు, బస్తాలు ఎక్కించేచోట ఆ భారం వారి నడుము మీదే పడుతుంది.

వరద లెక్క వేరు

ధవళేశ్వరం వద్ద కాటన్ బ్యారేజీ నుంచి సముద్రంలోకి వదిలే ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది జారీ చేస్తారు. బ్యారేజీ వద్ద నీటిమట్టం ప్రకారం ఇవి 11.75, 13.75, 17.75 అడుగులు. మొదటి హెచ్చరికకు, రెండో హెచ్చరికకు మధ్య తేడాయే రెండడుగులు, అంటే 24 అంగుళాలు. రెండో దానికి, మూడో దానికి మధ్య నాలుగడుగులు. బ్యారేజీ వద్ద పెరిగినంతే ప్రతి కాజ్‌వే వద్దా పెరుగుతుందని చెప్పలేం గానీ, గోదావరి పెరిగే తీరు ఏ కొలతలో ఉంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. దాని ముందు మూడంగుళాల దిమ్మె ఏపాటిది?

1986 ఆగస్టు వరదలో బ్యారేజీ వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైంది. 2022 జులైలో, అంటే ఆ ఏడాది ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన మూడు నెలలకే, 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి భారీ వరదలను పక్కన పెట్టినా, చాకలిపాలెం వద్ద కనకాయలంక కాజ్‌వే, అయినవిల్లి మండలంలో ఎదురుబిడియం కాజ్‌వే, మామిడికుదురు మండలంలో అప్పనపల్లి కాజ్‌వే వరద కాలంలో తరచూ నీట మునిగేవే. వాటి మీద నీరు పారుతున్నప్పుడు ‘మన బండి ఎత్తుగా ఉందిలే’ అన్న ధీమాతో ముందుకు వెళ్లడమే బాడీ లిఫ్ట్‌లోని అసలు ప్రమాదం. దిమ్మె ఎత్తు మూడంగుళాలే అయినా అది ఇచ్చే ధైర్యం మూడడుగులు.

పారే నీటి బలాన్ని కంటితో అంచనా వేయలేం. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును పక్కకు నెట్టగలదు. రెండడుగుల ప్రవాహం బరువైన వాహనాలను సైతం కదిలించగలదు. దీనికి కారణాలు రెండు. మొదటిది తేలే గుణం. నాలుగు చదరపు మీటర్ల వైశాల్యమున్న అడుగు భాగం పది సెంటీమీటర్ల లోతున మునిగిందనుకుంటే, పక్కకు తొలగిన నీరు 400 లీటర్లు. అంటే చక్రాల మీద నుంచి 400 కిలోల బరువు తీసేసినట్లే. చక్రానికి నేలపై పట్టు ఆ మేరకు సడలుతుంది. రెండోది ప్రవాహ వేగం. వేగం రెట్టింపైతే నీరు నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. బాడీని లేపితే దాని అడుగు భాగానికి నీరు తగలడం కొద్దిగా ఆలస్యం కావచ్చు. కానీ చట్రాన్ని, చక్రాలను, ఇంజన్‌ను నెట్టే నీటికి ఆ దిమ్మెలతో పనిలేదు. పైగా ఎర్రనీటి కింద కాజ్‌వే అంచు ఎక్కడుందో, ఎక్కడ కోతపడిందో కనిపించదు.

ఇంజన్ గాలి పీల్చే గొట్టంలోకి నీరు చేరితే నష్టం క్షణాల్లో జరుగుతుంది. గాలిని నొక్కినట్లు నీటిని నొక్కలేం. పిస్టన్ పైకి వచ్చేసరికి సిలిండర్‌లో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. డీజిల్ ఇంజన్లలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి దెబ్బ కూడా ఎక్కువే. మరమ్మతుకు ఇంజన్ మొత్తం విప్పాల్సి వస్తుంది.

తూకం తప్పితే..

బండి బోల్తా పడకుండా నిలబెట్టేవి రెండు కొలతలు. ఒకటి ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం. మరొకటి గరిమనాభి, అంటే మొత్తం బరువు కేంద్రీకృతమయ్యే బిందువు ఎత్తు. చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే వచ్చే సంఖ్య ఎంత పెద్దదైతే బండి అంత స్థిరంగా ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. చక్రాల మధ్య దూరం 140 సెంటీమీటర్లు, సరుకుతో గరిమనాభి ఎత్తు 110 సెంటీమీటర్లు అనుకుందాం. 70ని 110తో భాగిస్తే సుమారు 0.64. మొత్తం బరువు మూడు టన్నులైతే, అందులో క్యాబిన్, తొట్టి, సరుకు కలిపి రెండు టన్నులు ఉన్నాయనుకుందాం. ఆ రెండు టన్నులను ఏడున్నర సెంటీమీటర్లు, అంటే మూడంగుళాలు లేపితే గరిమనాభి అయిదు సెంటీమీటర్లు పైకి పోయి 115 అవుతుంది. అప్పుడు సంఖ్య 0.61కి పడిపోతుంది. తగ్గుదల నాలుగు శాతం పైచిలుకు. ఇంతేనా అనిపించవచ్చు. అయితే దానిపై గెలలు మరో వరుస పేర్చి గరిమనాభి 125కు చేరితే సంఖ్య 0.56 అవుతుంది. మొదటి స్థితితో పోలిస్తే పన్నెండు శాతం తగ్గినట్లు.

మైదానంలో ఈ తేడా బయటపడకపోవచ్చు. ఒకవైపు పంట కాలువ, మరోవైపు మురుగు కాలువ ఉన్న గట్టు రోడ్డులో, ఎదురుగా వచ్చే బస్సుకు దారి ఇస్తూ ఎడమ చక్రాలు మెత్తని అంచు మీదకు దిగినప్పుడు బయటపడుతుంది. ఎదుర్లంక - యానాం వారధిపైనో, చించినాడ వంతెనపైనో నది మీదుగా అడ్డంగా ఈదురుగాలి వీచినప్పుడు, పంటు మీదకు వాలుగా ఎక్కేటప్పుడు బయటపడుతుంది.

పెరట్లో పని.. ఎక్కడ తేడా వస్తుంది?

పని వరుస ఇలా ఉంటుంది. బ్యాటరీ తీగ తప్పించి, చక్రాలకు అడ్డుకట్టలు వేస్తారు. క్యాబిన్‌ను, చట్రాన్ని కలిపే వాటన్నింటినీ గుర్తించి వదులు చేస్తారు. స్టీరింగ్ షాఫ్టు, గేరు రాడ్డు, క్లచ్, హ్యాండ్‌బ్రేక్ తీగలు, బ్రేకు గొట్టాలు, డీజిల్ పోసే గొట్టం, రేడియేటర్ గొట్టాలు, విద్యుత్ తీగలు, ఎర్త్ తీగ ఇందులోకి వస్తాయి. ఒకవైపు బోల్టులు తీసి, మరోవైపు వదులు చేసి, జాకీపై అడ్డంగా దుంగ పెట్టి క్యాబిన్ అంచును నెమ్మదిగా లేపుతారు. దిమ్మెలు పెట్టి కొత్త బోల్టులు వేస్తారు. తరువాత రెండో వైపు. చివరగా తొట్టి. చదివితే సులువుగానే ఉంది. తప్పులు జరిగేది ఈ కింది చోట్లనే.

బోల్టు: సముద్ర తీరానికి దగ్గరగా అంతర్వేది, ఓడలరేవు వంటి ప్రాంతాల్లో తిరిగే బండ్లకు ఉప్పుగాలి సోకి బోల్టులు తుప్పు పడతాయి. బలంగా తిప్పితే తల తెగిపోతుంది. క్యాబిన్ లోపల అతికించి ఉండే నట్టు ఊడి తిరుగుతూ ఉండిపోతే, నేల రేకు కోసి వెల్డింగ్ చేయాల్సి వస్తుంది. అక్కడితో ఇంటి పని కాస్తా వర్క్‌షాపు పని అవుతుంది.

జాకీ: మన పెరళ్లలో అధికం ఇసుక కలిసిన ఒండ్రు నేలలు. బరువు పడగానే జాకీ ఒకవైపు కుంగుతుంది. జాకీ మీద మాత్రమే నిలిచి ఉన్న క్యాబిన్ కింద చేయి పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు. గట్టి కాంక్రీటు నేల, జాకీతోపాటు ఇనుప స్టాండ్లు తప్పనిసరి.

దిమ్మె: చెక్క నానుతుంది, పగులుతుంది. ఇనుప గొట్టం ముక్కలు జారతాయి. దిమ్మె ఎత్తు పెరిగేకొద్దీ బోల్టు పొడవు పెరుగుతుంది. పొట్టిగా ఉన్నప్పుడు బిగుతును మాత్రమే మోసిన బోల్టు, పొడవు పెరిగాక బ్రేకు వేసిన ప్రతిసారీ వంపు బలాన్ని కూడా మోయాలి. తక్కువ రకం బోల్టయితే క్రమంగా పగులుబారి ఒకనాడు తెగుతుంది.

స్టీరింగ్, బ్రేకు: స్టీరింగ్ పెట్టె చట్రం మీద, స్టీరింగ్ చక్రం క్యాబిన్‌లో ఉంటాయి. మధ్య దూరం పెరిగితే షాఫ్టు కీలు వద్ద పట్టు తగ్గుతుంది. బ్రేకు గొట్టం సాగి బిగుసుకుంటే ఇంట్లో నిలిపినప్పుడు లీకు కనిపించదు. గుంతలో చక్రం దిగినప్పుడు తెగుతుంది. రేడియేటర్ క్యాబిన్‌తో పాటు లేచి, ఫ్యాను ఇంజన్‌తో పాటు కిందనే ఉండిపోతే రెక్కలు కవచానికి తగులుతాయి.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఉండేలా వాహనాన్ని యజమాని మార్చరాదు. గ్యాస్ కిట్ అమర్చడం వంటి కొన్నింటికి మాత్రమే నిబంధనలకు లోబడి అనుమతి ఉంటుంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వివరిస్తూ, తయారీదారు ఇచ్చిన మూల నిర్మాణానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని స్పష్టం చేసింది. 2019లో చట్టానికి చేసిన సవరణతో వచ్చిన 182ఎ(4) సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పునకు రూ.5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలుంది.

జరిమానాతో పోయేదయితే కట్టి ఊరుకోవచ్చు. సరుకు రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా సామర్థ్య పరీక్ష తప్పదు. మార్చిన బండి అక్కడ నిలిచిపోవచ్చు. అంతకన్నా పెద్దది బీమా. మార్పును తెలియజేయకుండా నడిపిన బండికి ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారాన్ని తిరస్కరించేందుకు, తగ్గించేందుకు అవకాశం ఇచ్చినట్లే. బండి మీద అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

మరి దారేది?

దారి బాగాలేక అడుగు తగులుతోందంటే ముందు చూడాల్సింది కమాను పట్టీలనే. ఏళ్ల తరబడి బరువు మోసి అవి వంపు కోల్పోతే బండి అంగుళం, రెండంగుళాలు కుంగుతుంది. కంపెనీ కొలతల ప్రకారం కొత్త పట్టీలు, బుష్‌లు వేయిస్తే పోయిన ఎత్తు తిరిగి వస్తుంది. ఇది మార్పు కాదు, మరమ్మతు. టైర్లలో తగినంత గాలి, పరిమితికి లోబడిన బరువు ఉంటే అడుగు తగలడం చాలావరకు తగ్గుతుంది. పరిమితి మించిన లోడుకు చట్టంలో రూ.20 వేల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు రూ.2 వేలు ఉన్న సంగతి మరువరాదు. ఎత్తయిన బండే కావాలనుకుంటే, కొనేటప్పుడే నేల నుంచి ఎక్కువ ఎత్తు ఉన్న రకాన్ని కంపెనీ నుంచే ఎంచుకోవడం మేలు.

వరద విషయంలో లంక గ్రామాలవారికి తెలిసిన పద్ధతే ఉత్తమం. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక రాకముందే బండిని కాజ్‌వే దాటించి ఇవతలి మెరక మీద ఉంచాలి. రాకపోకలు నిలిచాక అధికారులు ఏర్పాటు చేసిన పడవలనే వాడాలి. సరుకు ఒక రోజు ఆలస్యమైతే ధర తగ్గవచ్చు. బండి కొట్టుకుపోతే ఆ ఏడాది సంపాదన పోతుంది. మనిషి పోతే లెక్కే లేదు.

బండి నీట మునిగి ఉంటే వెంటనే స్టార్ట్ చేయరాదు. బ్యాటరీ తీగ తీసి, గాలి ఫిల్టరు తెరిచి చూడాలి. ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్లు పాల రంగుకు మారితే నీరు కలిసినట్లే. వాటిని పూర్తిగా మార్చాలి. చక్రాల బేరింగులకు కొత్త గ్రీజు పట్టించి, బ్రేకు డ్రమ్ములు విప్పి బురద కడగాలి.

ఇప్పటికే దిమ్మెలు వేయించుకున్నవారు వాటిని తీయించి, కంపెనీ కొలతల బోల్టులు, బుష్‌లు వేయించి, స్టీరింగ్ కీలు, బ్రేకు గొట్టాలు, హెడ్‌లైట్ల దిశ సరిచూసుకోవడం శ్రేయస్కరం. పాత బండి కొనేవారు సైతం కింద వంగి క్యాబిన్‌కు, చట్రానికి మధ్య ఏముందో చూశాకే బేరం ఆడాలి. ఎత్తయిన బండి అన్న ధీమాతో నీటిలోకి దిగడం కంటే, గట్టున ఒక పూట ఆగడమే బండికీ, ఇంటికీ క్షేమం.